ఇరవై ఆరుగురి తాళంచెవులు

పదవీ విరమణకు రెండు నెలల ముందు మా కంప్యూటర్ కేంద్రం వాళ్లు నాకు ఒక చిన్న పని అప్పగించారు. విశ్వవిద్యాలయంలో అందరూ కలిసి వాడుకునే క్లస్టర్‌కి బయటినుంచి భద్రంగా ఎలా కనెక్ట్ కావాలో కొత్తవాళ్ల కోసం రెండు పేజీల్లో రాసిపెట్టమన్నారు. రాసిచ్చాను. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "మీ ప్రైవేట్ కీని ఎవరికీ ఇవ్వకండి, కేంద్రం సిబ్బంది అడిగినా సరే." ఈమధ్యే చేరిన ఉద్యోగిని ఒకామె అది చదివి నవ్వి, "కేంద్రంల ఎవరడుగుతరు సార్? గా ముక్క తీసేద్దామా?" అంది. ఉంచమన్నాను. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. అడిగినవాణ్ని నేనే.

సర్వర్ల గదుల్లోకి కొత్తగా ఉద్యోగానికి వస్తున్న పిల్లలు దీన్ని చదువుతారని రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. నా పేరు కూడా రాయడం లేదు, కానీ దానికి కారణం వేరు. అది చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మాది కోనరావుపేట వైపు ఊరు. ఒకప్పుడు గడి, అంటే దొరల కోట, ఉన్న ఇల్లు. నాకు ఊహ తెలిసేసరికి ఆ గడి గోడల రాళ్లు ఊళ్లోవాళ్ల పునాదుల్లో ఉన్నాయి. మా నాయనమ్మ నడుముకు మాత్రం తాళంచెవుల గుత్తి అలాగే వేలాడేది. తలుపులకంటే తాళంచెవులే ఎక్కువ మిగిలిన ఇల్లు మాది. కోడళ్లు ఉప్పు కావాలన్నా ఆమెనే అడగాలి. అడిగించుకోవడమే పెద్దరికం అని ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

డిప్లొమా చదివి జగిత్యాలలో సాంకేతిక సహాయకుడిగా చేరిన రోజున మా నాన్న నాకు చెప్పింది ఒకటే: "కొలువు జేస్తున్నవని నడుం వంచకు." ముప్పై ఏళ్లు వంచలేదు. కుర్చీకి వీపు ఆనించి కూర్చోగా కూడా నన్నెవరూ చూడలేదు. మా అటెండర్ మా ఊరి వైపు వాడే. అందరినీ సార్ అనేవాడు, నన్ను మాత్రం దొరా అనేవాడు. అలా పిలవొద్దని అతనితో నేను ఒక్కసారి కూడా అనలేదు.

క్లస్టర్ గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. ఒక చల్లని గదిలో ఇనుప చట్రాల్లో పేర్చిన కొన్ని పదుల కంప్యూటర్లు, ఒక్కటే అయితే ఏడాది పట్టే లెక్కను పంచుకుని పక్షం రోజుల్లో చేస్తాయి. పరిశోధకులు ఆ గదిలోకి రారు. ఇంటినుంచో హాస్టల్ నుంచో తమ కంప్యూటర్ ద్వారా కనెక్ట్ అవుతారు. మొదట్లో పాస్‌వర్డ్ ఉండేది. తర్వాత పాస్‌వర్డ్‌లు వద్దు, కీలు పెట్టమని పైనుంచి ఆదేశం వచ్చింది. నన్ను హైదరాబాదుకు మూడు రోజుల శిక్షణకు పంపారు.

మొదటి వరుసలో కూర్చున్నాను. రెండో రోజు మధ్యాహ్నం నుంచి నాకు అర్థం కావడం మానేసింది. చుట్టూ నా కొడుకు వయసువాళ్లు చేతులెత్తి అడుగుతున్నారు. నేను ఎత్తలేదు. నోట్సు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని తిరిగొచ్చాను.

నాకు అర్థం కానిది ఇంతే. ఈ కీలు జంటగా పుడతాయి. ఒకటి పబ్లిక్ కీ, అది తాళం కప్ప లాంటిది. రెండోది ప్రైవేట్ కీ, అది ఆ కప్పకు సరిపోయే చెవి. పరిశోధకుడు రెండింటినీ తన కంప్యూటర్‌లోనే తయారు చేసుకుని, కప్పను మాత్రం మాకు పంపాలి. మేము దాన్ని క్లస్టర్ తలుపుకు బిగిస్తాం. చెవి అతని దగ్గరే ఉంటుంది, మాకు కూడా చూపించడు. పద్ధతి అంతా ఈ చూపించకపోవడం మీదే నిలబడి ఉంది. నేనేమో జంటలన్నీ నా బల్ల మీది కంప్యూటర్‌లో తయారు చేసి, ఒక్కొక్కరినీ పిలిచి వాళ్ల చెవిని వాళ్ల పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాణ్ని. ఒక నకలు నా ఫోల్డర్‌లో ఉంచుకునేవాణ్ని. పోగొట్టుకున్నవాడు మళ్లీ నా దగ్గరికే రావాలి కదా. ఇరవై ఆరుగురి చెవులు అలా నా దగ్గర పోగయ్యాయి. ఆ ఫోల్డర్ తెరిచినప్పుడల్లా నాకు ఎంత నిండుగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవాలంటే మొహం చెల్లడం లేదు.

నా కింద ఒక కాంట్రాక్ట్ ఇంజనీరు ఉండేవాడు. సిరిసిల్ల వాడు. తంగళ్ళపల్లిలో వాళ్ల నాన్న సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, నడిపేవాడు. రోజూ పన్నెండున్నరకు నా బల్ల దగ్గర ఆగి "తిన్నరా సార్?" అని అడిగి, తర్వాతే తన డబ్బా విప్పేవాడు. అతను ఒకసారి మెల్లగా అన్నాడు: "సార్, ప్రైవేట్ కీలు మన తాన ఉండొద్దు సార్. ఎవలయి వాళ్లే జేసుకోవాలె."

"శిక్షణకు పోయింది నువ్వా, నేనా?" అన్నాను.

"మీరే సార్," అన్నాడు. మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత కొంత కాలానికి రాయికల్ నుంచి ఒక అమ్మాయి పరిశోధనకు చేరింది. తండ్రి తాడి చెట్లెక్కి కల్లు గీస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. వరికి పట్టే ఉల్లికోడు పురుగును ఏ రకాలు తట్టుకుంటాయో, వాటి జన్యువుల్లో ఏం ఉంటే తట్టుకుంటాయో ఆమె వెతుకుతోంది. వరి బృందానికి క్లస్టర్‌లో ఒకే ఉమ్మడి ఖాతా ఉండేది. ఒకే తలుపు, దానికి నాలుగు కప్పలు. ఏ కప్ప తీసినా తలుపు తెరుచుకుంటుంది. మూడు కప్పలు నేను తయారు చేసినవే. నాలుగోది ఈ అమ్మాయి మెయిల్‌లో పంపింది. కప్ప ఒక్కటే పంపింది. పిలిపించాను.

"రెండో ఫైల్ ఏదమ్మా?"

"అది నా తాన్నే ఉంటది సార్."

"అందరివీ ఇక్కడనే ఉన్నయి. నీ ఒక్కదానిది ఎందుకుండొద్దు?"

"అది ఇచ్చేది గాదు సార్. కప్ప మీకిచ్చిన. చెవి ఇస్తే ఇగ కప్పెందుకు?"

"అంటే నా మీద నమ్మకం లేదన్నట్టా?"

"నమ్మకం ముచ్చట గాదు సార్," అంది ఆమె, ఏమాత్రం తడబడకుండా. "మా నాయిన మోకు ఎవలకియ్యడు. మా పెదనాయిన అడిగినా ఇయ్యడు. చెట్టెక్కెటోని మోకు చెట్టెక్కెటోని తాన్నే ఉండాలె. గంతే సార్."

పక్కన ఇంజనీరు కీబోర్డు మీద తల దించుకున్నాడు. నవ్వాపుకుంటున్నాడని అతని భుజాలు చెప్పాయి. తాడి చెట్టుకు కట్టుకునే మోకుతో నా కార్యాలయాన్ని పోల్చిందని నాకు ఒళ్లు మండింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజమని, హైదరాబాదులో మూడు రోజుల్లో నాకు ఎక్కనిది ఆమె ఒక్క మాటలో చెప్పిందని గ్రహించే స్థితిలో లేను. ఆమె గైడ్ ఫోన్ చేసి గట్టిగా చెబితే ఆ కప్పను బిగించాను. బిగిస్తూ, రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా ఎర్ర సిరాతో రాసుకున్నాను: "ఈ కార్యాలయం జారీ చేసిన కీ కాదు."

ఒకరోజు కోరుట్లలో బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లాను. మర్నాడు ఉదయం తనిఖీ బృందం వస్తుంది, వాడకందార్ల జాబితా అచ్చు వేసి ఉంచాలి. మా ప్రింటర్ వారం నుంచి పని చేయడం లేదు. పెళ్లి భోజనం చేసి బస్టాండ్ దగ్గరి జిరాక్స్ దుకాణంలో పెన్‌డ్రైవ్ ఇచ్చాను. జాబితా ఆ ఫోల్డర్‌లోనే ఉంది. ఆ ఫోల్డర్‌లోనే ఇరవై ఆరు చెవులు, సర్వర్ చిరునామా, ఏ చెవి ఏ ఖాతాదో రాసిన పట్టిక కూడా ఉన్నాయి. దుకాణం ఆమె నా పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర మీద ఏవో కిటికీలు టకటకా తెరుచుకుని మూసుకున్నాయి. "ఏందమ్మా అది?" అంటే, "వైరస్ సార్. అందరియి బెడ్తరు గదా, గట్లనే అస్తది. మీ కాయితాలకేం గాదు," అంది. నా కాగితాలకేం కాలేదు. శుభ్రంగా వచ్చాయి.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం ఉదయం సర్వర్ గది తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. ఎవరూ పెట్టని పనులు క్లస్టర్ నిండా నడుస్తున్నాయి. ఎవరో బయటివాళ్లు లోపలికి వచ్చి మా యంత్రాలతో తమ పని చేయించుకుంటున్నారు. వచ్చింది వరి బృందం ఉమ్మడి ఖాతా నుంచి. పది గంటలకు మా కేంద్రం డైరెక్టర్ పిలిచారు. కోపిష్టి కాదు, కానీ ఆయనను పైవాళ్లు నిలదీస్తున్నారు.

"పన్నెండు లోపల నాకు పేరు గావాలె," అన్నారు.

లాగ్ చూడాలి. ఎవరు ఎప్పుడు ఏ చెవితో లోపలికి వచ్చారో సర్వర్ వరసగా రాసుకునే పుస్తకం అది. ఖాతా పేరు పక్కనే, వాడిన కీ గుర్తు కూడా ఉంటుంది. వేలిముద్ర అంటారు దాన్ని. నలభైకి పైగా అక్షరాల పొడవు, ఏ రెండు కీలకూ ఒకటి ఉండదు. ఆ ఒక్కటీ చూడటానికి పది నిమిషాలు పట్టేది. నేను చూడలేదు. ఖాతా పేరు చూశాను, నా రిజిస్టర్ తెరిచాను, ఎర్ర సిరా కనిపించింది. నోట్ రాశాను: "సదరు ఖాతాలో ఈ కార్యాలయం ద్వారా జారీ కాని కీ ఒక్కటే కలదు." కింద ఆమె పేరు. ఆ నోట్‌లో ఒక్క అబద్ధం లేదు. ఇప్పటికీ నాకు సిగ్గు కలిగించేది ఆ సంగతే.

పన్నెండు కాకముందే ఆమె కీ తీసేశాం, ఆమెను క్లస్టర్ నుంచి నిలిపేస్తూ ఉత్తర్వు వెళ్లింది. బృందం ఖాతాను మూసి, అందులో నడుస్తున్నవన్నీ ఆపేశాం. వాటిలో ఆమె లెక్క ఒకటి పదకొండు రోజులుగా నడుస్తోంది, ఇంకో మూడు రోజుల్లో ముగిసేది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ఆమెకు మిగిలింది పంతొమ్మిది రోజులు. ఇవ్వగలిగిన పొడిగింపులన్నీ అంతకుముందే అయిపోయాయి. గడువు దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఐదేళ్ల పని పోతుంది. ఇదంతా ఆమె గైడ్ ఆ మధ్యాహ్నమే ఫోన్‌లో నాకు చెప్పారు. "విచారణ కానివ్వండి సార్," అన్నాను.

మంగళవారం విచారణ ఫైలు సిద్ధం చేస్తూ లాగ్ అచ్చు వేశాను. అప్పుడు చూశాను ఆ వేలిముద్ర. నా పట్టికతో పోల్చాను. రెండేళ్ల కింద చదువు ముగించి వెళ్లిపోయిన ఒక పరిశోధకుడికి నేను చేసిచ్చిన కీ అది. అతను వెళ్లాక దాన్ని తలుపునుంచి తీసేయాల్సింది నేనే, తీయలేదు. చెవి నా ఫోల్డర్‌లో ఉంది, నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. కోరుట్ల దుకాణంలో ఆ తెర మీద టకటకలాడిన కిటికీలు కళ్లముందు మెదిలాయి. అక్కడే పోయిందని రుజువు చేయలేను, కానీ మరెక్కడికీ ఆ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను. లేచి డైరెక్టర్ గదికి వెళ్లడానికి ముప్పై అడుగులు. ఆ రోజు వెళ్లలేదు. రేపు చెబుదాం అనుకున్నాను.

బుధవారం ఆ అమ్మాయి తల్లి వచ్చింది. అటెండర్ తలుపు దగ్గర "దొరా, ఎవలో అచ్చిండ్రు" అనడం విని ఆమె కూడా దొరా అంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"దొరా, మా బిడ్డ ఏలిముద్ర మీ మిషిన్ల దొరికిందట గదా? ఇంటికాడ గదే ముచ్చట. ఏలిముద్ర జూడాలె, ఏలిముద్ర జూస్తె తెలుస్తది అంటది. అన్నం తింటలేదు. పోలీసోళ్లస్తరా?"

"అది వేరే వేలిముద్రమ్మా."

ఆమె తన రెండు చేతులూ నా బల్ల మీద చాపింది. "నాయి జూడుండ్రి దొరా. బీడాకు రుద్దీ రుద్దీ ఏళ్లన్నీ నున్నగైనయి. రేషన్ దుకాణంల మిషిన్ నా ఏలు తీస్కుంటలేదు. కండ్లు జూపి బియ్యం దెచ్చుకుంటున్న. గిట్ల దానియి సుత కావద్దనే బీడీల చాటకాడ కూసోనియ్యలె. సదువుకొమ్మన్న. ఇప్పుడు దాని ఏలిముద్రనే దానికి ఎదురుదిరిగిందా?"

అది మనిషి వేలిముద్ర కాదని, కీ గుర్తుకు ఆ పేరు పెట్టారని, పోలీసులు రారని ఆమెకు పది నిమిషాలు వివరించాను. చాలా చక్కగా వివరించాను. ఆమె తల ఊపుతూ విన్నది. ఆ వేలిముద్ర ఆమె కూతురిది కాదన్న మాట మాత్రం చెప్పలేదు. కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. వెళ్తూ ఆమె అంది: "మీరు పెద్దింటోళ్లంట గదా. అటెండర్ జెప్పిండు. మీతోని అన్యాలం గాదు." ఆమె మంచి మనసుతోనే అంది. వెటకారం అయి ఉంటే భరించడం తేలికయ్యేది.

గురువారం సాయంత్రం ఇంజనీరు నా బల్ల ముందు వచ్చి నిలబడ్డాడు. చేతిలో అదే లాగ్.

"చూసిన సార్."

నా చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది.

"మా నాయిన బట్ట జూసి చెప్తడు సార్, ఏ సాంచె మీద ఏ పూట ఎవడు నడిపితె గా పోగు తెగిందో. గిది గూడ గంతే. ఇయ్యాల్ల గాకపోతె రేపు ఎవలో ఒకలు జూస్తరు. నేను చెప్పను. మీరే చెప్పుండ్రి. మీ నోట్లకెల్లి అస్తెనే బాగుంటది."

"చెబుతాను," అన్నాను. ఆ క్షణాన నిజంగానే అనుకున్నాను.

శుక్రవారం పదకొండింటికి సమావేశం. డైరెక్టర్, ఇద్దరు ఆచార్యులు, గైడ్, ఆ అమ్మాయి, ఇంజనీరు, నేను. అమ్మాయి ముందు ఒక తెల్ల కాగితం, పెన్సిల్. నా నోట్ చదివారు. మీరేం చెబుతారని ఆమెను అడిగారు.

"లాగ్‌ల గా దినం వాడిన కీ వేలిముద్ర చదివిపియ్యుండ్రి సార్. నా కీది నేను రాసుకొచ్చిన. రెండు ఒక్కటైతే నేనే దొంగను."

డైరెక్టర్ నా వైపు చూశారు. "చదవండి."

జేబులోంచి కాగితం తీశాను. మడతల దగ్గర చిరిగిపోతోంది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, పెద్దవీ చిన్నవీ కలగలిసి ఉంటాయి. ఒక్కొక్కటి చదవాలి. పెద్ద క్యూ, అన్నాను. ఆమె టిక్కు పెట్టింది. తొమ్మిది, అన్నాను. టిక్కు పెట్టింది. చిన్న ఎఫ్, అన్నాను. ఆమె పెన్సిల్ కింద పెట్టేసింది.

"మూడో అక్షరానికే తప్పింది సార్. నాది గాదు."

నేను ఆపలేదు. నాలుగోది చదివాను, ఐదోది చదివాను. ఎవరూ ఆపమనలేదు. అక్కర్లేదని గదిలో అందరికీ తెలుసు. చదవడం అయిపోతే నన్ను తర్వాతి ప్రశ్న అడుగుతారు. అందుకని నలభై మూడు అక్షరాలూ చదివాను. ప్రతి అక్షరాన్నీ స్పష్టంగా, నిదానంగా, నిటారుగా కూర్చుని చదివాను.

"మరి ఇది ఎవరి కీ?" అన్నారు డైరెక్టర్.

ఇంజనీరు నన్ను చూస్తున్నాడు. ఆ అమ్మాయి కూడా నన్నే చూస్తోంది. ముందురోజు సాయంత్రం తయారుచేసుకున్న వాక్యం నాలుక మీద ఉంది. నా నోటినుంచి వచ్చింది మాత్రం ఇది: "పరిశీలించాలి సార్."

ఆ వేలిముద్ర ఉన్న కప్పను తలుపునుంచి తీసేసి, ఆమెను తిరిగి అనుమతించారు. సోమవారం కొత్తగా లెక్క మొదలుపెట్టింది. ఆ రోజు పన్నెండున్నరకు ఇంజనీరు తన డబ్బా తీసుకుని నా బల్ల పక్కనుంచి నేరుగా వెళ్లిపోయాడు. "తిన్నరా సార్?" అన్న మాట నాకు మళ్లీ వినబడలేదు.

లెక్క ముగియడానికి పద్నాలుగు రోజులు కావాలి. తర్వాత ఫలితాలు రాయాలి. గడువులో కుదరదు. నిబంధనల్లో ఒక్క దారి ఉంది. ఆలస్యానికి విశ్వవిద్యాలయమే కారణమైతే, ఆ విభాగం అలాగని లిఖితపూర్వకంగా ధ్రువీకరిస్తే, ఒక నెల ఇవ్వవచ్చు. ధ్రువీకరించాల్సింది కేంద్రం, అంటే క్లస్టర్ బాధ్యత ఉన్న నేను. ఆమె దరఖాస్తు తెచ్చింది. "సాంకేతిక కారణాల వల్ల క్లస్టర్ సేవలకు అంతరాయం కలిగినది" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. నాలుగు రోజులకు తిరిగొచ్చింది. పరీక్షల విభాగం నుంచి సూపరింటెండెంట్ ఫోన్ చేశాడు.

"సార్, సాంకేతిక కారణమంటే ఏంది? కరెంట్ పోయిందా? కరెంటు పోతె అందరికీ పోవాలె గద. గీ పిల్లకొక్కదానికే ఎందుకు పోయింది? తప్పెవలిదో రాస్తెనే ఫైల్ ముందట్కి పోతది. రేపు అయిదింటి దాకనే సార్ టైమ్."

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. అంత దగ్గరగా, అంత నిటారుగా నిలబడటం నాకు మా ఇంట్లో ఆడవాళ్లలోనే తెలుసు. తెల్ల కాగితం తీసుకున్నాను.

"కేంద్రం వైఫల్యం వల్ల అని రాస్తే సరిపోతుందా?" అడిగాను.

"వాళ్లు ఫోన్ల ఏమన్నరు సార్?"

"తప్పెవరిదో రాయమన్నారు."

"మరి?" అంది. అంతే అంది.

రాశాను. కీలను నిబంధనలకు విరుద్ధంగా నేను తయారు చేసి నా వద్ద ఉంచుకున్నానని, వాటిలో ఒకటి నా అజాగ్రత్త వల్ల బయటికి పోయిందని, లోపలికి వచ్చినవాళ్లు దానితోనే వచ్చారని, సంగతి తెలిసి కూడా విచారణలో చెప్పలేదని, ఈ విద్యార్థినికి ఇందులో ఏ సంబంధమూ లేదని. ఇంటి పేరుతో సహా పూర్తి పేరు రాసి సంతకం చేశాను. నేను ధైర్యంతో రాశానని దయచేసి అనుకోకండి. రాయడానికి వేరే మాట మిగలక రాశాను. ఇంకొక్క మాట దొరికి ఉంటే అదే రాసేవాణ్ని.

ఆమె కాగితం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. మొహంలో ఏం మారలేదు.

"తేదీ వెయ్యలే సార్."

వేశాను. థాంక్స్ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు పరుగులోకి మారడం విన్నాను. నాలుగున్నర అయింది.

నెల గడువు వచ్చింది. ఆమె ఆ నెలలో ఇరవై నాలుగో రోజున గ్రంథం సమర్పించింది. ఆ సంగతి నాకు ఆమె చెప్పలేదు. క్లస్టర్‌లో ఆమె పనులు ఆగిపోవడం చూసి అర్థం చేసుకున్నాను.

ఆ తర్వాత డైరెక్టర్ నన్ను పిలిచారు. ఆయన బల్ల మీద నా పేరుతో టైపు చేసిన మెమో ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. నా ఉత్తరం నకలు దాని కింద ఉంది. చాలాసేపు చూసి మెమోను సొరుగులోకి తోసేశారు.

"మా నాయిన మీ తాతగారి ముచ్చట్లు చెప్తుండె," అన్నారు. "గసొంటి ఇంట్ల పుట్టిన మనిషికి, రెండేండ్లల్ల రిటైరయ్యేటోనికి, నేను మెమో ఇయ్యాల్నా? నాతోని గాదు. పిల్లకు గడువొచ్చింది గదా, అయిపాయె. కూసోండి."

ఆ అమ్మాయిని నిలిపేసినప్పుడు గడియారంలో పన్నెండు కూడా కాలేదు. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు. ఇవ్వండి సార్, అనాలి నేను. సొరుగు లాగి నేనే తీసి ఆయన చేతికి పెన్ను అందించాలి. కూర్చున్నాను.

అటెండర్ చాయ్ తెచ్చి ముందు నాకు పెట్టాడు, తర్వాత ఆయనకు. తాగాను.